ప్రథమాశ్వాసం ఉచితం



తెలుగు పంతులుకు తుపాకుల ఆటలతో పనేమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. ముప్ఫయి యేండ్లు పిల్లలకు కావ్యపాఠాలు చెప్పినవాణ్ణి గనుక, దేన్ని చూచినా ‘దీనికి ఈ విభాగం ఎందుకు వచ్చింది? కవి ఇక్కడే ఎందుకు ఆగినాడు?’ అని వెదకడం నాకు అలవాటైపోయింది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలో పుట్టిన కొన్ని కంప్యూటర్ ఆటలు ఖండాలుగా విభజింపబడి ఉండేవి. వాటిలో మొదటి ఖండాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకొని, ఆడి, పదిమందికి పంచిపెట్టవచ్చును. తక్కిన ఖండాలకు మాత్రం వెల చెల్లించాలి. ఆ విభాగానికీ ఈ ఉచితానికీ ఉన్న చుట్టరికమే నేటి నా విషయం.

ముందుగా పేరు సంగతి. ఈ ఆటలను ‘ఫస్ట్ పర్సన్ షూటర్’ అంటారు. తొందరపడి ‘ప్రథమ పురుష’ అని అనువదిస్తే మన వ్యాకరణం ఒప్పుకోదు. మనకు ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. ఆంగ్లేయుల ఫస్ట్ పర్సన్ మనకు ఉత్తమ పురుష: నేను, మేము. ఈ ఆటల్లో కథానాయకుడి శరీరం తెరపై కనబడదు. తుపాకి పట్టిన చేయి మాత్రమే ముందుకు సాగి ఉంటుంది. నడిచేది, చూచేది, కాల్చేది, చచ్చేది అంతా ‘నేనే’. కనుక ఇవి ఉత్తమ పురుషలో సాగే ఆటలు.

ఇక ‘షేర్‌వేర్’. 1982లో అమెరికాలో ఇద్దరు వ్యక్తులు, జిమ్ నాఫ్, ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనేవారు, ఎవరికి వారుగా ఒకే ఆలోచన చేశారు. నాఫ్ వ్రాసినది పీసీ-ఫైల్ అనే సమాచార భాండాగారం, ఫ్లూగెల్‌మన్ వ్రాసినది పీసీ-టాక్ అనే సందేశవాహిక. దుకాణాల జోలికి పోకుండా, నకళ్ళు తీసి పంచుకొమ్మని వదలి, ‘నచ్చితే ఇంత పంపండి’ అని అడిగారు. మరుసటి యేడు, మైక్రోసాఫ్ట్ తొలినాటి ఉద్యోగుల్లో ఒకరైన బాబ్ వాలెస్ తన పీసీ-రైట్ అనే ప్రోగ్రామును ఇదే పద్ధతిలో పంచుతూ దానిని షేర్‌వేర్ అన్నారు. ఆ మాట స్థిరపడింది. హరికథ ముగిశాక పళ్ళెం తిప్పడం వంటిదే ఇది. కథ అందరూ విన్నారు. వేసేవాడు వేస్తాడు, లేచిపోయేవాడు లేచిపోతాడు. ఆ పద్ధతికి ఆధారం మనిషి మనస్సాక్షి.

కచేరీలో రోజూ వాడే పనిముట్టు విషయంలో మనస్సాక్షి కొంత పనిచేసింది. ఆట విషయంలో అది పనిచేయలేదు. ఆట ముగిసిన తరువాత దానితో అవసరం తీరిపోతుంది గదా! టెక్సాస్ రాష్ట్రంలో గార్లండ్ అనే ఊరిలో ఉండే స్కాట్ మిల్లర్‌కు ఇది స్వానుభవం. ఆయన తన తొలి ఆటలను సంపూర్ణంగా ఇచ్చివేసి చందాలకోసం ఎదురుచూస్తే వచ్చినది స్వల్పం. అప్పుడాయన ఒక చిన్న మార్పు చేశారు. 1987లో ‘క్రోజ్’ అనే తన ఆటను ఖండాలుగా చేసి, ‘కింగ్‌డమ్ ఆఫ్ క్రోజ్’ అనే మొదటి ఖండాన్ని ఊరికే వదిలిపెట్టి, తరువాతివి కావాలంటే తపాలాలో డబ్బు పంపమన్నారు. ఆయన సంస్థ పేరు అపోజీ. అందుచేత ఈ పద్ధతికి ‘అపోజీ నమూనా’ అనే పేరు నిలిచింది.

మార్పు చిన్నదే గాని, దాని అంతరార్థం పెద్దది. మనస్సాక్షి కూర్చున్న పీటమీద మిల్లర్ కుతూహలాన్ని కూర్చోబెట్టారు. మొదటి పద్ధతిలో డబ్బు అడిగేది అనుభవం ముగిసిన తరువాత. ఈ పద్ధతిలో అడిగేది అనుభవం మధ్యలో, ‘తరువాత ఏమైంది?’ అన్న ప్రశ్న మనస్సులో మెదిలే క్షణంలో. ఇక అక్కడినుండి ఆట నిర్మాణమే ఆ క్షణాన్ని అనుసరించి మారవలసి వచ్చింది.

మిల్లర్ తన సంస్థకు మంచి రచయితలకోసం వెదకుతూ, లూయిసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థలో పనిచేసే జాన్ రొమేరోకు అభిమానుల పేర్లతో ఉత్తరాలు వ్రాశారు. పేర్లు వేరువేరు, చిరునామా మాత్రం ఒక్కటే! ఆ చమత్కారం ఫలించి, రొమేరో, జాన్ కార్మాక్, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్ కలిసి ‘కమాండర్ కీన్’ ఆటను తయారుచేశారు. 1990 డిసెంబరు 14న అది వెలువడింది. ఖండాలు మూడు, మొదటిది ఉచితం. మరుసటి నెలలో వారికి ముట్టిన తొలి చెక్కు 10,500 డాలర్లు. 1991 ఫిబ్రవరిలో వారు ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించారు. కీన్ ఉత్తమ పురుషలోని ఆట కాదు, ప్రక్కనుండి చూచే గెంతులాట. కాని షూటర్ల చరిత్రకు పెట్టుబడి అక్కడినుండే వచ్చింది.

1992 మే 5న ఇడ్ వారి ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ అపోజీ ద్వారా వెలువడింది. నాజీల కోటలో బందీయైన సైనికుడు తప్పించుకొని పోవడం మొదటి ఖండం. పది అంతస్తులు, వాటిలో ఒకటి గుప్తం. చివర హాన్స్ గ్రోస్ అనే మహాకాయుణ్ణి చంపి వెలుతురులోకి పరుగెత్తితే విముక్తి. ఇక్కడ గమనింపవలసినది, ఉచితంగా ఇచ్చిన ఆ ఖండం తనంత తానుగా ముగిసిన కథ. రెండవ ఖండంలో మరొక పని, మూడవదానిలో సాక్షాత్తు హిట్లరే ప్రతినాయకుడు. ఈ మూడింటితో ఆపవలసిన ఆటకు మిల్లర్ మరొక మూడు చేర్పించారు. కారణం సులువు: ఒక్కొక్క అంతస్తు తయారీకి దాదాపు ఒక రోజు మాత్రమే పడుతున్నదని ఆయనకు తెలిసింది. గోడలన్నీ ఒకే ఎత్తు, మెట్లు లేవు, గళ్ళకాగితంమీద గళ్ళు నింపినట్లు కట్టుకొని పోవడమే. పదేసి అంతస్తుల చొప్పున ఆరు ఖండాలు, వెరసి అరువది. ఆ అరువదిలో పదింటిని దానమిచ్చినా నష్టం లేదు. ఈ లెక్కను మనస్సులో ఉంచుకోండి, చివర దీనితో పని ఉన్నది.

ఇక్కడ నాలోని పంతులు ఊరుకోడు. ‘ఆశ్వాసం’ అనే మాటకు ఊపిరి తీసుకోవడం, ఊరట అని అర్థం. కావ్యవిభాగానికి ఆ పేరు పెట్టడంలో గొప్ప ఔచిత్యం ఉన్నది. ఆశ్వాసం చివర శ్రోత తృప్తిగా ఊపిరి పీల్చుకోవాలి, మరునాటికి మళ్ళీ రావాలి. వారపత్రిక సీరియల్ ధోరణి దీనికి భిన్నం. నాయిక కొండ అంచున వ్రేలాడుతూ ఉండగా ‘సశేషం’ అని వేస్తారు. మన ప్రబంధాల్లో ఆశ్వాసం మొదటా చివరా కవి కథను ఆపి, కృతిపతిని సంబోధిస్తూ పద్యం చెబుతాడు. కావ్యానికి ధనమిచ్చేవాడు ఆయనే గనుక ఆ స్థానం ఆయనది. ఈ ఆటల్లోనూ ఖండాంతంలో కథ ఆగుతుంది, తెరమీద వచనం వస్తుంది, ఆ వచనం ఆడేవాణ్ణి నేరుగా సంబోధించి తక్కిన ఖండాలు తెప్పించుకొమ్మంటుంది. అక్కడ కృతిపతి ఒక్కడు. ఇక్కడ చిన్నచిన్న చెక్కులు పంపే వేలమంది. సంబోధించే చోటు మాత్రం అదే.

ఈ కళ పరాకాష్ఠ అందుకున్నది ‘డూమ్’లో. 1993 డిసెంబరు 10న ఇడ్ వారు దాని మొదటి ఖండాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సర్వరుకు ఎక్కించారు. దింపుకొనడానికి అప్పటికే ఎంతమంది కాచుకొని ఉన్నారంటే, ఎక్కించేవారికే ప్రవేశం దొరకలేదు. సర్వరు పరిమితిని పెంచిన తరువాతగాని పని కాలేదు. ఈసారి నడుమ అపోజీ లేదు, పంపిణీ ఇడ్ వారిదే. మూడు ఖండాలు, ఒక్కొక్కదానిలో తొమ్మిది అంకాలు. మొదటిది అంగారకుడి ఉపగ్రహమైన ఫోబోస్‌పై, రెండవది డీమోస్‌పై, మూడవది నరకంలో. నమోదు చేసుకొని పూర్తి ఆట తెప్పించుకోవాలంటే 40 డాలర్లు.

డూమ్ ప్రథమ ఖండాన్ని ఆడినవారికి అది నాసిరకపు నమూనా అనిపించదు. అందలి అంకాలు దాదాపుగా రొమేరో స్వయంగా రూపొందించినవి, మొత్తం ఆటలో మిక్కిలి శ్రద్ధగా చెక్కినవి. ఆటలోకెల్లా ఉత్తమభాగం ఇదేనని నేటికీ చాలామంది చెబుతారు. అమ్మకానికి పెట్టిన సరుకుకన్న ఊరికే ఇచ్చిన సరుకు మేలుగా ఉండటం వింతగా తోచవచ్చును. ఆలోచిస్తే అది ఆ వ్యాపారపు అవసరమే. కొనేవాడు చూచేది మొదటి ఖండాన్నే. అది బాగాలేకపోతే తక్కినది ఎంత బాగున్నా అతనికి తెలియదు.

అందులో ఏది ఇవ్వాలో, ఏది దాచాలో అన్న వివేకం మరింత గొప్పది. మొదటి అంకంలోనే ఒక కిటికీ ఉన్నది. దానిగుండా చూస్తే బయట పెరటిలో నీలిరంగు కవచం కనబడుతుంది, తలుపు మాత్రం కనబడదు. గోడలు తడిమి గుప్తమార్గం కనుగొన్నవాడికే అది దక్కుతుంది. ‘ఉన్నది, చూస్తున్నావు, ఇంకా నీది కాలేదు’ అన్న ఆ భావం ఖండమంతటికీ వర్తిస్తుంది. ప్లాస్మా తుపాకి, బీఎఫ్‌జీ అనే మహాస్త్రం మొదటి ఖండంలో లేవు. గాలిలో తేలే ఒంటికంటి కాకోడీమన్ లేదు. కాని ఆట ప్రారంభింపబోతే మూడు ఖండాల పేర్లూ వరుసగా కనబడతాయి. రెండవదాన్నో మూడవదాన్నో ఎంచుకుంటే, ఇది షేర్‌వేర్ ప్రతి, పూర్తి ఆట తెప్పించుకొమ్మని మర్యాదగా చెప్పి వెనుకకు పంపుతుంది.

ఇక ముగింపు. ఎనిమిదవ అంకంలో రెండు భీకర రాక్షసాలను చంపిన తరువాత గోడలు క్రుంగి, దారి తెరచుకుంటుంది. విజయం లభించిందని ముందుకు పోతే, ఆ దారి చీకటిగదిలోకి తీసుకొనిపోతుంది. చుట్టూ రాక్షసమూక, ప్రాణం హరించే నేల. ఆటగాడి ప్రాణం కొనవరకు వచ్చేసరికి ఖండం ముగుస్తుంది. పిదప వచ్చే వచనం, గెలవవలసిన చోట ఇదేమిటని ఆటగాడి నోటిమాటనే తాను పలికి, నీవిప్పుడు నరకపు ఒడ్డున ఉన్నావు, బయటపడే దారి దానిగుండానే అని చెబుతుంది. ఫోబోస్ కథ ముగిసింది, సందేహం లేదు. ఆ మూల అంతా గాలించాము, శత్రువును కూల్చాము. అయినా ఊపిరి పూర్తిగా అందలేదు. ఆశ్వాసపు తృప్తి, సీరియల్ ఉత్కంఠ రెండూ ఒకే చోట పొసగడం ఇక్కడ చూస్తాము.

మరొక సూక్ష్మం. రెండవ ఖండం మొదలుపెట్టగానే కష్టపడి సంపాదించిన ఆయుధాలన్నీ పోయి, పిస్తోలు, ఏబది తూటాలు మాత్రమే మిగులుతాయి. ఏ ఖండాన్నైనా ఎవరైనా విడిగా ప్రారంభింపవచ్చును గనుక ఈ సమానత్వం అవసరం. కాని మొన్ననే చచ్చినంత పనైనవాడు వట్టి చేతులతో మేల్కొనడం కథకూ అతికినట్లు సరిపోయింది. వ్యాపారపు ఏర్పాటు కథాశిల్పమై కూర్చోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనబడదు.

పంపిణీలోనూ ఇదే ఔదార్యం. మొదటి ఖండాన్ని దుకాణదారులు డిస్కుల్లో పెట్టి అమ్ముకున్నా తమకు వాటా అక్కరలేదని ఇడ్ వారు అనుమతించారు. ప్రపంచమంతటా నకలు తీసిన ప్రతివాడూ వారికి జీతంలేని ప్రచారకుడైనాడు. ఒక్క చోట మాత్రం గిరి గీశారు. అభిమానులు క్రొత్త అంకాలు రచిస్తే అవి నమోదిత ప్రతితోనే పనిచేయాలని కోరారు. పంచుకోవడం అందరి హక్కు, చేర్చడం మాత్రం కొన్నవారి హక్కు అన్నమాట.

ఆ ప్రచారం మా జిల్లాదాకా వచ్చింది. 1995 ప్రాంతంలో మా పట్టణంలోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో, నా పూర్వవిద్యార్థి ఒకడు రెండు ఫ్లాపీల్లో డూమ్ ప్రథమ ఖండాన్ని తెచ్చి చూపించాడు. నకలు తీసుకోవడం తప్పుకాని సరుకు కంప్యూటర్లో అదొక్కటే చూచాను. 40 డాలర్లంటే నాటి మారకం లెక్కన 1,250 రూపాయల పైమాటే. పైకం ఉన్నా, అమెరికాకు ఫోను చేసి క్రెడిట్ కార్డు అంకె చెప్పగలవాడు మాలో ఒక్కడూ లేడు. డీమోస్ ఎలా ఉంటుందో మాకు ఆ యేడు తెలియలేదు. కాని మాకు దక్కిన తొమ్మిది అంకాలు తునక కాదు, మొదలూ తుదీ ఉన్న వస్తువు. కొనలేనివాడి చేతికి కూడా సంపూర్ణమైనది అందడం ఆ నమూనాలోని ధర్మగుణం. దానిని తలపెట్టినవారి ఉద్దేశం వ్యాపారమే అయినా, ఫలితం మాత్రం మాకు దానమే అయింది.

తరువాతి మూడేండ్లు ఈ రూపానికి స్వర్ణయుగం. 1994 డిసెంబరులో రేవెన్ వారి ‘హెరెటిక్’ మూడు ఖండాలతో వచ్చింది. అదే నెలలో అపోజీ వారి ‘రైజ్ ఆఫ్ ది ట్రయడ్’ వేరొక దారి పట్టింది: ఉచిత ఖండంలోని అంకాలు పూర్తి ఆటలో ఉండవు, వేటికవే ప్రత్యేకం. 1996 జనవరిలో ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ మొదటి ఖండానికి లాస్ ఏంజెలెస్ నగరాన్ని రంగస్థలం చేసుకున్నది.

1996 జూన్ 22న వచ్చిన ‘క్వేక్’లో ఈ విభాగం భవనమై నిలిచింది. అక్కడ ఖండాల పట్టిక లేదు. ఆట మొదలుకాగానే ఒక మండపంలో నిలబడతాము. కఠినస్థాయిని ఎంచుకోవడానికి వేరువేరు దారులు, ఆపైన నాలుగు ఖండాలకు నాలుగు ద్వారాలు. షేర్‌వేర్ ప్రతిలోనూ అవన్నీ ఉంటాయి. మూడింటివైపు నడిస్తే నమోదు చేసుకొమ్మనే మాట వినవస్తుంది. కొన్నవాడు నాలుగింటినీ ఏ వరుసలోనైనా సాధించి, ఒక్కొక్కదానినుండి ఒక రూన్ ఫలకం తెస్తే, నాల్గవది చేరిన పిమ్మట ఆ మండపంలోనే చివరి శత్రువు దగ్గరకు దారి తెరచుకుంటుంది. మూసిన తలుపును కూడా చూడదగిన వస్తువుగా చేసిన ఆట ఇది.

కాని క్వేక్‌తోనే సంధ్య వ్రాలింది. ఇడ్ వారు షేర్‌వేర్ సీడీలోనే తమ పూర్తి ఆటలను సంకేతబంధంతో దాచి, ఫోను చేసి డబ్బు కట్టినవారికి తాళపుమాట ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ తాళాన్ని కొందరు త్వరలోనే పగులగొట్టారు. నిజానికి ఆ ఏర్పాటులో పాత ఒప్పందం మారిపోయింది. మునుపు ఇచ్చినదంతా నీదే, ఇవ్వనిది నీవద్ద లేనే లేదు. ఇప్పుడు ఇవ్వనిది కూడా నీ చేతిలోనే ఉన్నది, దొంగతాళం ఒక్కటే కొరవ.

అసలు కారణం మాత్రం ఆ తాళంకన్న లోతైనది. 1994లోనే ‘డూమ్ 2’ షేర్‌వేర్ లేకుండా నేరుగా దుకాణాలకు వచ్చింది. అందులో ఖండాలు లేవు; ముప్ఫయి అంకాలు ఏకధారగా సాగుతాయి, నడుమ ఆయుధాలు పోవు. పంపిణీ పద్ధతి మారగానే రూపం మారిందని ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. ఇక వుల్ఫెన్‌స్టైన్ లెక్కను తిరిగి చూడండి. రోజుకొక అంతస్తు కట్టగలిగిన నాడు పదింటిని ఇచ్చివేయవచ్చును. క్వేక్ నాటికి నిజమైన మూడు కొలతల కట్టడాలు వచ్చి, ఒక్కొక్క అంకానికి పట్టే శ్రమ ఎన్నో రెట్లైంది. ఆటలో మూడవవంతో నాలుగవవంతో దానమివ్వడం భారమైంది. 1997 చివర వచ్చిన ‘క్వేక్ 2’ చిన్న నమూనాతో సరిపెట్టింది. 1998లో వచ్చిన ‘హాఫ్ లైఫ్’ ఎడతెగని కథనంతో క్రొత్త మార్గం వేసింది; 1999లో దానికి ఇచ్చిన ‘అప్‌లింక్’ అనే నమూనా అసలు ఆటలోని భాగం కూడా కాదు. నమూనాకూ ప్రథమాశ్వాసానికీ తేడా ఇదే. నమూనా వస్తువును గురించి చెబుతుంది. ప్రథమాశ్వాసం ఆ వస్తువే.

‘ఎపిసోడ్’ అనే మాట మరల 2006లో వినబడింది. ‘హాఫ్ లైఫ్ 2’కు కొనసాగింపుగా 2006లో ఒకటి, 2007లో మరొకటి ఖండాలు వచ్చాయి. ఇవి వెలపెట్టి కొనవలసిన సీరియల్ భాగాలు. రెండవది విషాదఘట్టంలో సశేషమని ఆగింది. మూడవది నేటికీ రాలేదు. ఒకనాడు ఖండమంటే ముగించి ఇస్తామన్న మాట. ఇక్కడ అది ముందుముందు వస్తుందన్న మాటగా మారింది. ఆ రెండింటిలో దేనిని నమ్మవచ్చునో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయినా రూపం చావలేదు. వ్యాపారం పోయిన తరువాత కూడా అలవాటుగా, అభిమానంగా మిగిలింది. 2018లో వచ్చిన ‘డస్క్’ మూడు ఖండాల పాతరీతిలోనే నిర్మింపబడింది, అలా నిర్మింపవలసిన అవసరం ఏదీ లేకపోయినా. 2019లో రొమేరో స్వయంగా డూమ్‌కు ‘సిజిల్’ అనే క్రొత్త ఖండం రచించి ఉచితంగా ఇచ్చారు. 2023 డిసెంబరు 10న, డూమ్‌కు ముప్ఫయి యేండ్లు నిండిన నాడు, ‘సిజిల్ 2’ ఇచ్చారు. వాటిని ఆడాలంటే అసలు డూమ్ పూర్తి ప్రతి ఉండాలి. చేర్చేవి కొన్నవారికే అన్న ఆనాటి నియమం అలాగే ఉన్నది, ఔదార్యమూ అలాగే ఉన్నది.

విద్యార్థులకు నేను చెప్పే మాట ఒకటి ఉండేది: పోషకుడు మారితే కావ్యం మారుతుంది. రాజు పోషించిన ప్రబంధం ఒకలాగున, పత్రిక పోషించిన సీరియల్ ఒకలాగున ఉంటాయి. ఈ ఆటలను పోషించినది ఆటగాడి కుతూహలం. ఆ కుతూహలాన్ని మోసగించకుండా, మొదటి ముద్దలోనే వంటలోని ఉత్తమమైనది వడ్డించి, ‘బాగుంటే తక్కినది అడుగు’ అన్నారు. ఎందరు అడిగారో తెలియకుండానే ముందుగా పెట్టినారు. అదే వారి చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన భాగం.

స్వస్తి.